ఇరవయ్యో తారీఖు లోపు ఏం వినాలి, ఆ తర్వాత ఏం వినాలి

నేను చేసేది అకౌంట్స్ పని. విజయవాడ గవర్నర్‌పేటలో ఒక ఆడిట్ ఆఫీసు, పన్నెండేళ్ళుగా అక్కడే. మాకు నెలంటే ముప్ఫై రోజులు కాదు, నాలుగు తారీఖులు. 7న టీడీఎస్ (చెల్లింపుల్లోంచి ముందే పట్టుకున్న పన్ను) కట్టాలి, 11న జీఎస్టీఆర్-1 (అమ్మకాల లెక్క) వెయ్యాలి, 14న 2బి (మన క్లయింటుకి అమ్మినవాళ్ళు చూపించిన బిల్లుల జాబితా) వస్తుంది, దాన్ని పర్చేజ్ రిజిస్టర్ పక్కన పెట్టుకుని ఒక్కో బిల్లూ టిక్కు పెట్టుకుంటూ సరిచూసుకోవాలి, 20న 3బి, అంటే ఆ నెల జీఎస్టీ లెక్క తేల్చి పన్ను కట్టే రిటర్ను. ఈ నాలుగూ దాటాక నెలాఖరుకి ఓ పది రోజులు కాస్త ఊపిరి ఆడుతుంది, ఆ లోపు మళ్ళీ 7 వచ్చేస్తుంది. బ్యాంకులో పనిచేసేవాళ్ళకి క్వార్టర్ ఎండింగ్ ఉంటుంది, సాఫ్ట్‌వేర్ వాళ్ళకి రిలీజ్ ఉంటుంది, టీచర్లకి పరీక్ష పేపర్లు ఉంటాయి, ఎవరి 20వ తారీఖు వాళ్ళకుంటుంది. ఇలా బతికేవాళ్ళు ఏం వినాలి, మిగిలిన కాస్త టైమ్‌లో ఏం చెయ్యాలి అన్నదాని మీద నాకు గట్టి అభిప్రాయం ఒకటుంది, ఎన్నాళ్ళనుంచో రాయాలనుకుంటున్నా.

ముందు ఒక రాత్రి గురించి చెప్తాను. 19వ తారీఖు, రాత్రి తొమ్మిదిన్నర, ఆఫీసులో నేనూ ఇంకో అమ్మాయీ మిగిలాం. ఒక క్లయింటు లెక్కలో 18,000 తేడా వస్తోంది. మా పనిలో ఉన్నవాళ్ళకి తెలుసు, తేడా తొమ్మిదితో శేషం లేకుండా భాగారం పోతే ఎక్కడో రెండంకెలు తారుమారయ్యాయని ముందు అనుమానించాలి. అంటే ఏదో ఒక బిల్లు ఎవరో తప్పు కొట్టారు. రెండు గంటలు వెతికితే దొరికింది. 1,86,400 అని ఉన్న బిల్లుని 1,68,400 అని కొట్టింది నేనే, ఆరోజు సాయంత్రమే, చెవుల్లో ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని, నాకు పల్లవి నుంచి చివరి చరణం దాకా నోటికొచ్చిన సినిమా పాటలు వింటూ. మాటలొచ్చిన పాట నోట్లో తిరుగుతుంటే కళ్ళు చదివిన అంకె వేలికొచ్చేసరికి జారిపోతుంది, అది నాకు అక్షరాలా అర్థమైన రాత్రి అది.

కానీ ఇంటికెళ్తుంటే ఆ తప్పు గురించి కాదు నేను ఆలోచించింది. ఆరోజు పొద్దున పదింటి నుంచి దాదాపు ఆరు గంటలు పాటలు మోగాయి నా చెవుల్లో. ఏం విన్నాను అని నన్ను నేను అడుక్కుంటే ఒక్క పాట కూడా గుర్తు రాలేదు. తప్పు చేసినప్పుడు మోగుతున్న పాటేదో కూడా తెలీదు. ఆరు గంటలు! చిన్నప్పుడు మా అమ్మ రేడియోలో అరగంట వింటే ఆ పాటలు వారం రోజులు ఇంట్లో తిరిగేవి, నేను ఆరు గంటలు విని ఖాళీ చేతుల్తో ఇంటికెళ్తున్నా. పని చెడింది, పాటా దక్కలేదు.

అప్పట్నుంచి నేను చెప్తున్నది ఒక్కటే. పాటని పని వెనకాల పెట్టకండి. దానికి రోజులో పది నిమిషాలో పావుగంటో విడిగా ఇవ్వండి, ఆ పావుగంటా ఇంకేం చెయ్యకండి, చేత్తో తాళం వెయ్యడం తప్ప.

తాళం ఎందుకు అని అడుగుతారు కదా, అది నాకు నేర్పింది మా పై వాటాలో ఉండే మామ్మగారు. స్కూల్లో సంగీతం టీచరుగా చేసి రిటైరయ్యారు. ఒక ఆదివారం వడియాలు పెట్టడానికి డాబా మీదకెళ్తే పక్కన ఫోన్లో వీణ పెట్టుకుని కూర్చున్నారు. నేను ఊరికే "బావుందండీ మామ్మగారూ" అన్నా. "బావుండటం సరేలే అమ్మాయ్, చెయ్యి ఇటివ్వు" అని నా కుడి చెయ్యి తీసుకుని నా తొడ మీద వేసి చూపించారు. అరచేత్తో ఒక దెబ్బ. తర్వాత చిటికెన వేలు, ఉంగరం వేలు, మధ్య వేలు ఒక్కోటీ ఆనించడం, అక్కడికి నాలుగు. మళ్ళీ దెబ్బ, చెయ్యి వెనక్కి తిప్పడం. మళ్ళీ దెబ్బ, మళ్ళీ తిప్పడం. ఎనిమిది. అంతే, ఆది తాళం. మన కర్ణాటక సంగీతంలో సగానికి పైగా ఈ ఎనిమిది మీదే నడుస్తుందేమో అనిపిస్తుంది, కచేరీకి వెళ్తే ముందు వరసలో కూర్చున్న పెద్దవాళ్ళందరి చేతులూ చేసేది చాలాసార్లు ఇదే.

నాకు మొదటి రోజు రెండు నిమిషాలు కూడా నిలవలేదు. ఉంగరం వేలి దగ్గరికొచ్చేసరికి వీణ ఎక్కడికో వెళ్ళిపోయేది, నేను తొందరపడి తిప్పేసేదాన్ని. "నువ్వు ముందుకెళ్ళిపోతున్నావు, ఆఫీసులోలాగా. ఆగు, అది వస్తుంది" అన్నారావిడ. నిజంగానే వచ్చింది. దెబ్బ పడినచోటే వీణ మీద మీటూ పడింది, అలా వరసగా నాలుగైదు ఆవర్తాలు, అంటే ఎనిమిది లెక్కల చుట్లు, కలిసేసరికి నాకు ఒళ్ళు ఝల్లుమంది. పాట ముప్ఫయ్యేళ్ళుగా వింటున్నా, లోపలికి అడుగుపెట్టింది మాత్రం ఆరోజే. వడియాల పిండి గిన్నె పక్కనే ఎండిపోయింది, అది తర్వాత చూసుకున్నాం.

దీనిమీద మా ఇంట్లో పెద్ద వాదనే అయ్యింది. మా ఆయన అంటారు, పొద్దస్తమానం బుర్ర వాడి అలిసిపోయి వస్తే మళ్ళీ తాళం లెక్కపెట్టుకోవడమేంటి, అది కూడా పనే కదా, పాటంటే అలా పక్కన మోగుతుంటే హాయిగా ఉండాలి అని. చాలామంది ఇదే అంటారు, కొట్టిపారేసే మాట కూడా కాదు. కానీ నా అనుభవంలో అలిసిన బుర్రని ఖాళీగా వదిలేస్తే అది ఖాళీగా ఉండదు. సోఫాలో పడుకుని ఫోన్ తిప్పుతుంటే రేపటి క్లయింటు గుర్తొస్తాడు, రాని ఇన్‌పుట్ క్రెడిట్ (కొన్నప్పుడు కట్టిన పన్నులో తిరిగి సర్దుకోవాల్సింది) గుర్తొస్తుంది, వెనకాల పాట దారిన పాట పోతుంటుంది. అదే చేత్తో ఎనిమిది లెక్కపెడుతూ వింటే ఆఫీసు దూరడానికి లోపల చోటు ఉండదు. లెక్కలు చేసి అలిసిన దానికి ఇంకో లెక్క ఎందుకు విశ్రాంతి అవుతుందంటే ఇందులో ఎవరికీ జవాబు చెప్పక్కర్లేదు, తప్పితే నోటీసు రాదు, మళ్ళీ దెబ్బ దగ్గర కలుసుకుంటే చాలు. పొలం పని చేసొచ్చినవాడికి నడుం వాల్చడం విశ్రాంతి, రోజంతా కుర్చీలో కూర్చున్నవాళ్ళకి మళ్ళీ కూర్చోవడం విశ్రాంతి ఎలా అవుతుంది చెప్పండి.

ఇంకో మాట కూడా అడిగారాయన, మీ అమ్మ రేడియో పెట్టుకునే కదా ఇంటి పనంతా చేసింది, ఆవిడకి పాటలు ఎలా వచ్చాయి అని. ఇది నన్ను చాలా రోజులు ఆలోచింపజేసింది. అమ్మ పొద్దున్నే విజయవాడ కేంద్రం పెట్టేది. 1948 డిసెంబర్ 1న మొదలైన స్టేషన్ అది, బందరు రోడ్డు మీద పున్నమ్మతోటలో ఇప్పటికీ ఉంది, పొద్దున భక్తిరంజని అక్కణ్ణుంచి వచ్చేది, బాలమురళీకృష్ణగారి గొంతు మా జిల్లాల్లో ఇళ్ళన్నిట్లోకీ అలాగే వచ్చింది. అమ్మ అంట్లు తోముతూనే వినేది నిజమే, కానీ తనకి నచ్చిన పాట వచ్చినప్పుడు చేతిలో గిన్నె అలాగే ఆగిపోయేది, నాకు బాగా గుర్తు. ఎందుకంటే ఆ పాట మళ్ళీ ఎప్పుడొస్తుందో తెలీదు. ఇప్పుడు వదిలేస్తే నెలకొస్తుందో ఆర్నెల్లకొస్తుందో. లలిత సంగీతంలో ఈ మాసపు పాట అని ఒకే పాటని నెలంతా నేర్పేవాళ్ళు, నోటుబుక్కులో రాసుకుని నేర్చుకున్నవాళ్ళు మా వీధిలోనే ఉన్నారు. మన ఫోన్లో అన్నీ ఎప్పుడూ ఉంటాయి కాబట్టి దేనికీ చేతిలో పని ఆగదు. అందుకే ఇప్పుడు ఆగడం మనమే పనిగట్టుకుని చెయ్యాలి. ముందుగా చెయ్యాల్సింది మీ యాప్‌లో ఆటోప్లే ఆపెయ్యడం. పాట అయిపోయాక నిశ్శబ్దం రావాలి. ఆ నిశ్శబ్దంలోనే మనం విన్నది లోపలికి దిగుతుంది, పైన ఇంకోటి పోసేస్తే ఎలా దిగుతుంది.

సరే, ఏం వినాలి అనే దగ్గరికొస్తాను. నా నెల తారీఖుల ప్రకారమే చెప్తాను.

7 నుంచి 11 దాకా నాకు రోజులో దొరికేది టీ టైమ్ ఒక్కటే, ఏడెనిమిది నిమిషాలు. దానికి పాత గ్రామఫోన్ రికార్డుల కాలం వాయిద్యాలు పెట్టుకుంటాను. నిమిషానికి 78 సార్లు తిరిగే ఆ రికార్డుల్లో ఒక పక్కకి మూడు, మూడున్నర నిమిషాలే పట్టేది, కాబట్టి ఎంత పెద్ద విద్వాంసుడైనా రాగం సారమంతా ఆ కాస్తలోనే చెప్పాల్సి వచ్చేది. ద్వారం వెంకటస్వామి నాయుడుగారి వయొలిన్ వినండి. ఉపోద్ఘాతం ఉండదు, కమాను పెట్టగానే రాగం మొహం కనపడుతుంది. ఒకసారి వినడానికి మూడు నిమిషాలు, మళ్ళీ వినడానికి ఇంకో మూడు, టీ అయిపోతుంది. విజయనగరంలో 1919లో మొదలైన మహారాజా సంగీత కళాశాలలో ఆదిభట్ల నారాయణదాసుగారు మొదటి ప్రిన్సిపాల్, ఆయన తర్వాత ద్వారంగారు. అంత పెద్ద మనిషి మూడు నిమిషాల్లో చెప్పగలిగినదాన్ని వినడానికి మనకి మూడు నిమిషాలు లేవని నేను ఒప్పుకోను.

14 నుంచి 20 అసలైన గండం. ఆ రోజుల్లో పని చేస్తూ ఏమీ వినకండి అని మొదట్లో అనేదాన్ని, ఇప్పుడు కొంచెం సర్దుకున్నా. మా ఆఫీసు రోడ్డు మీదకి ఉంటుంది, హారన్లు, కింద షాపులో గ్రైండింగ్ మిషను, చెవుల్లో ఏదో ఒకటి లేకపోతే కూర్చోలేని రోజులుంటాయి. అలాంటప్పుడు ఒట్టి తంబూరా శ్రుతి పెట్టుకోండి, అది పాట కాదు, పాట వెనకాల ఉండే నేల. మాటలుండవు, మలుపులుండవు, బిల్లుల మీద చూపు చెదరదు. నాకు పాట వద్దు, మోత తగ్గితే చాలు అనుకునేవాళ్ళకి ఇంతకంటే మంచిది నాకు తెలీదు. సౌండ్ మాత్రం చూసుకోండి. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం 80 డెసిబెల్స్ దగ్గర వారానికి 40 గంటలు వినొచ్చు, 90కి వెళ్తే నాలుగు గంటలే. నలభై ఎక్కడ, నాలుగెక్కడ! చాలా ఫోన్లలో ఈ లెవెల్ చూపించే సెట్టింగ్ ఉంటుంది. బయట మోతని మించి వినపడాలని మనం పెంచుకుంటూ పోతాం, సాయంత్రానికి చెవుల్లో గుయ్యిమంటుంది. నాకు రెండేళ్ళు అలా అయ్యింది, డాక్టరు దగ్గరికెళ్తే ముందు ఇయర్‌ఫోన్స్ తీసెయ్యమన్నారు.

ఆ వారంలో ఇంటికెళ్ళాక పడుకునే ముందు ఒక్కటి వింటాను, చిట్టిబాబుగారి వీణ. కాకినాడలో పుట్టిన మనిషి, వీణ మీద కోయిల కూతని పలికించిన మనిషి. ఈమని శంకరశాస్త్రిగారి శిష్యుడు. ఇద్దరిదీ పక్కపక్కన పెట్టుకుని వింటే శిష్యుడు గురువు దగ్గర ఏం తీసుకున్నాడో, తనది ఏం కలుపుకున్నాడో మెల్లగా తెలుస్తుంది, అదొక ఆట నాకు. రాగం పేరు తెలియాలని పట్టుబట్టకండి. నీలాంబరి అని వెతికి వినండి, జోలపాటల రాగం అని పేరు పొందినది, లైటు తీసేసి పది నిమిషాలు వింటే మీకే తెలుస్తుంది ఎందుకంటారో.

20 దాటాక అసలు పండగ. ఆ వారాంతంలో పెద్దవి వినాలి. పాలకొల్లు మాండలిన్ శ్రీనివాస్ గారి కచేరీ ఒకటి మొదటి నుంచి చివరి దాకా వినండి. పడమటి వాయిద్యం, కరెంటుతో మోగేది, దాన్ని పట్టుకుని కుర్రతనంలోనే పెద్ద పెద్ద వేదికల మీద కూర్చున్నారు. 2014లో 45 ఏళ్ళకే వెళ్ళిపోయారు, ఆ వార్త విన్నరోజు నేను ఆఫీసులో ఉన్నాను, ఏ పనీ చెయ్యబుద్ధి కాలేదు. షేక్ చినమౌలానాగారి నాదస్వరం వినండి, ప్రకాశం జిల్లా కరవది ఆయనది. నాదస్వరం అంటే పెళ్ళిలో మైకు పక్కన మోగేది అనుకునేవాళ్ళు ఒక్క ఆలాపన వింటే చాలు, మాట మార్చుకుంటారు.

శాస్త్రీయం మాకు ఎక్కదు అనేవాళ్ళుంటారు, వాళ్ళకి బలవంతం లేదు. నేను చెప్పేది ఎలా వినాలి అన్నది, ఏం వినాలన్నది మీ ఇష్టం. ఒగ్గుకథ చుక్క సత్తయ్యగారిది వినండి, నాజర్ గారి బుర్రకథ వినండి. బుర్రకథలో ముగ్గురూ ఒకరి మాట ఒకరు అందుకునే తీరు, తందాన అని వంతలు పడేచోటు చేత్తో పట్టుకోండి, ఆది తాళం కంటే తేలిగ్గా దొరుకుతుంది. పద్యనాటకాల పద్యాలు వినండి, రాగం తీస్తున్నంతసేపూ ఊపిరి ఎక్కడ తీసుకుంటున్నాడో గమనించండి. సినిమా పాటే కావాలంటే సినిమా పాటే వినండి, నాకూ అవి ప్రాణం. కాకపోతే ఒక్క పాట తీసుకుని వరసగా మూడుసార్లు, ఒకసారి గొంతు మీద మాత్రమే మనసు పెట్టి, ఒకసారి వెనకాల వయొలిన్లన్నీ ఏం చేస్తున్నాయో, ఒకసారి తబలాయో డోలకో దాన్ని పట్టుకుని. వెయ్యిసార్లు విన్న పాటలో ఇంత ఉందా అని మీరే అంటారు. పన్నెండు పదిహేను నిమిషాల పని.

సెలవు రోజు ఇంకేం చెయ్యాలి, నడక, పుస్తకాలు, మొక్కలు, ఇవన్నీ అందరూ చెప్తారు, మంచివే. నేను కృష్ణ ఒడ్డున పద్మావతి ఘాట్ వైపు నడవడానికి వెళ్తాను, ఫోన్ ఇంట్లో పెట్టి. అడుగుకి ఒక లెక్క వేసుకుంటూ విన్న పాటని మనసులో పాడుకుంటాను. విన్నది ఎంత నిలిచిందో అక్కడ తెలిసిపోతుంది. చరణం మధ్యలో ఆగిపోతే ఇంటికొచ్చి అక్కణ్ణుంచి వింటాను.

టైమ్ లేదు అన్న మాటకి నాకెప్పుడూ గుర్తొచ్చేది శ్రీపాద పినాకపాణిగారు. ఆయన డాక్టరు. వైద్యం చదివి, కర్నూలు మెడికల్ కాలేజీలో పాఠాలు చెప్పి, రోగుల్ని చూసిన మనిషి. అదే మనిషి నేదునూరి కృష్ణమూర్తిగారికీ వోలేటి వెంకటేశ్వర్లుగారికీ నూకల చినసత్యనారాయణగారికీ గురువు. సంగీత సౌరభం అని స్వరాలతో సహా నాలుగు సంపుటాలు రాశారు, తిరుమల తిరుపతి దేవస్థానం వేసింది. 1913లో పుట్టి 2013లో పోయారు, దాదాపు నూరేళ్ళు. వార్డు రౌండ్లు చేసే మనిషి ఒక తరం విద్వాంసుల్ని తయారు చేశాడంటే సంగీతం తీరిక ఉన్నవాళ్ళకి మాత్రమే అన్న మాట మన నేల మీద చెల్లదు. మనం ఎవరినీ తయారు చెయ్యక్కర్లేదు, ఊరికే వింటే చాలు.

మా తమ్ముడిది హైదరాబాద్, సాఫ్ట్‌వేర్. తార్నాకలో మెట్రో ఎక్కి హైటెక్ సిటీలో దిగుతాడు, పోను ముప్పావుగంట, రాను ముప్పావుగంట. "అక్కా నాకు నిజంగా టైమ్ లేదే" అంటాడు. రోజుకి గంటన్నర బండిలో కూర్చునే మనిషికి టైమ్ లేదంటే నాకు కోపం వచ్చి ఒకసారి గట్టిగానే అన్నా. తర్వాత బాధేసింది, నుంచోవడానికే చోటుండదంట, ఒక చెయ్యి రాడ్‌కి పోతుంది. ఇంకో చెయ్యి ఉంది కదరా, అందులో ఫోనే కదా ఉండేది, అది జేబులో పెట్టు అన్నా. వాడికి నేను పెట్టిన రూలు ఒక్కటే, వారానికి ఒక్క కృతి, అంటే ఒక కర్ణాటక సంగీతం పాట. పది పన్నెండు నిమిషాలది. సోమవారం విన్నదే మంగళవారం, అదే బుధవారం, కొత్తది సోమవారం దాకా పెట్టకూడదు. మొదటి రోజు గోల, రెండో రోజు విసుగు, మూడో రోజు ఎక్కడో ఒక సంగతి దగ్గర, అదే, ఒకే వరసని కాస్త మార్చి మళ్ళీ పాడేచోట, చెవి ఆగుతుంది, శుక్రవారానికి అది నీది అయిపోతుంది. యాభై రెండు వారాలకి యాభై రెండు కృతులు, ఇంతవరకూ నా జీవితం మొత్తంలో అన్ని నాకు రాలేదు. కచేరీలో ఒకే రాగాన్ని తీరిగ్గా విస్తరించి పాడే రాగం తానం పల్లవి అయితే ముప్పావుగంట, గంట పడుతుంది, సరిగ్గా వాడి ప్రయాణమంత, అది వచ్చే ఏడాదికి దాచి పెట్టమన్నా.

ఇంక ఒక్కటి చెప్పాలి, ఎదురుగా కూర్చుని వినడం గురించి. మన ఊళ్ళలో సభలు ఇంకా ఉన్నాయండీ. హైదరాబాద్‌లో రవీంద్రభారతి, చిక్కడపల్లి త్యాగరాయ గానసభ, విశాఖలో కళాభారతి, తిరుపతిలో మహతి, ఇక్కడ తుమ్మలపల్లి కళాక్షేత్రం. చాలా కార్యక్రమాలకి టికెట్టే ఉండదు, సగం కుర్చీలు ఖాళీగా ఉంటాయి. పదిహేను వందలు పెట్టి మాల్‌లో సినిమా చూసొచ్చే మనం, ఊరికే వినిపిస్తాం రండి అంటే వెళ్ళం. నేనూ వెళ్ళేదాన్ని కాదు. బాలమురళీగారు పారుపల్లి రామకృష్ణయ్య పంతులుగారి దగ్గర నేర్చుకున్న ఊళ్ళో, ఎనిమిదేళ్ళ పిల్లాడిగా త్యాగరాజ ఆరాధనలో కచేరీ చేసిన ఊళ్ళో ఉంటూ నేను మొదటిసారి ఆరాధనకి వెళ్ళింది 2025లో. ఇది చెప్పడానికి నాకు బాధగా ఉంది.

ఆరాధన చేసేది త్యాగరాజుగారు పోయిన తిథినాడు, పుష్య బహుళ పంచమి. ఆ ఏడు అది జనవరి 18న వచ్చింది, శనివారం. ఎదురుగా 20. ఆ నెల 3బి గడువు 22 దాకా పొడిగించారు కాబట్టి సరిపోయింది, లేకపోతే కదలగలిగేదాన్ని కాదేమో. మామ్మగారు ముందురోజే చెప్పారు, "రేపు పంచరత్నాలు, నీకు ఆది తాళం వచ్చుగా, చాలు" అని. నాకప్పటికి తెలీదు, పంచరత్నాలంటే త్యాగరాజుగారి ఐదు కృతులు, ఐదూ ఆది తాళమేనంట. నాట, గౌళ, ఆరభి, వరాళి, శ్రీ, ఐదు రాగాలు, గంటకి పైన పాట, తాళం ఒక్కటే. మొదటిది సంస్కృతం, తక్కిన నాలుగూ తెలుగు. తిరువయ్యారులో ఉండి మన భాషలో పాడిన మనిషి కోసం తమిళనాడులో వేలమంది కూర్చుని తెలుగులో పాడతారు ఆరోజు, అమెరికాలో క్లీవ్‌లాండ్‌లో 1978 నుంచి చేస్తున్నారు, నేను రెండు వీధుల అవతలికి వెళ్ళడానికి ముప్ఫై ఎనిమిదేళ్ళు పట్టింది.

ఆఫీసు బ్యాగుతోనే వెళ్ళి వెనక చాప మీద కూర్చున్నా. చిన్న హాలు, యాభై అరవై మంది ఉంటారు, ముందు విద్వాంసులు, వెనకాల మాలాంటివాళ్ళు, పుస్తకం చూసి పాడేవాళ్ళు కొందరు, చూడకుండా పాడేవాళ్ళు కొందరు. నాకు సాహిత్యం ఏదీ పూర్తిగా రాదు. నాట మొదలవ్వగానే చెయ్యి వేశా. దెబ్బ, చిటికెన వేలు, ఉంగరం, మధ్య. మొదట్లో గుండె దడ, తప్పుతానేమోనని. గౌళలో ఒకచోట నిజంగానే తప్పింది, పాట దెబ్బ మీద మొదలవ్వకుండా కాస్త ఆగి ఎత్తుకుంటుంటే నేను పాటతో పాటు వెళ్ళిపోయా. అప్పుడు పాట వదిలేసి ముందున్న పెద్దాయన చెయ్యి చూశా, ఆయన తిప్పుడు దగ్గరున్నాడు, నేను మళ్ళీ దెబ్బలో కలిశా. ఆరభికి వచ్చేసరికి చూడక్కర్లేకపోయింది. అంతమంది చేతులు ఒకేసారి తొడ మీద పడే చప్పుడు ఉంటుంది చూడండి, మెత్తగా, ఒకటే చప్పుడు, అది ఏ రికార్డింగులోనూ వినపడదు. శ్రీరాగంలో చివరిది పాడుతుంటే నా పక్కనావిడ నోట్‌బుక్ నా వైపు జరిపింది, ఇద్దరం కలిసి చూసుకుంటూ పాడాం. ఆవిడ బ్యాంకులో క్యాషియరంట, బయటికొచ్చాక చెప్పింది, ఎనిమిదేళ్ళుగా ప్రతి ఏడూ ఆరోజు హాఫ్ డే పెట్టుకుని వస్తోందంట.

ఫోన్ చూస్తే ఆఫీసు నుంచి నాలుగు మిస్డ్ కాల్స్ ఉన్నాయి. సోమవారం చూసుకున్నా, ఏమీ మునిగిపోలేదు.

మా తమ్ముడికి ఈ నెల రెండో వారం నడుస్తోంది, హిందోళంలో ఒక కృతి పెట్టా. నిన్న పొద్దున్న వాయిస్ మెసేజ్ పెట్టాడు, వెనకాల మెట్రో తలుపుల మోత, "అక్కా, బేగంపేట దాకా బాగానే వచ్చింది, అమీర్‌పేటలో జనం ఎక్కేసరికి మధ్య వేలు దగ్గర తప్పిపోయా, యూసఫ్‌గూడలో మళ్ళీ దెబ్బ పట్టుకున్నా" అని.